అటక మీద కాయలు

శనివారం పొద్దున్నే సూర్యకుమారి తలస్నానం చేసి, భర్తకి దిబ్బరొట్టె, కొబ్బరి పచ్చడి మూతపెట్టి, వాడపల్లి గుడికి బయల్దేరింది. ఏడు శనివారాల మొక్కు ఇంకా పూర్తి కాలేదు.

"అటక జోలికి మాత్రం వెళ్ళకండేం" అని గుమ్మంలో మరోసారి చెప్పింది.

వీరవెంకటరమణ ఫోన్‌లోంచి తలెత్తకుండానే "ఊఁ" అన్నాడు.

అంబాజీపేట దగ్గరి ఆ కొబ్బరితోట, అందులోని పెంకుటిల్లు సూర్యకుమారికి పుట్టింటివారిచ్చినవి. విశాఖలో ఇంజినీరుగా రిటైరయ్యాక రమణకి హఠాత్తుగా పల్లె మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఫ్లాటు అద్దెకిచ్చి, కిందటేడాది ఇక్కడికి మకాం మార్చాడు. ఇద్దరూ కలిసి మార్చారు అనడానికి లేదు, ఆవిణ్ణి అడిగితే కదా! వచ్చిన దగ్గర్నుంచీ ఫోన్‌లో ఫామ్‌హౌస్ వీడియోలు చూడ్డం, వాటిలో ఉన్నట్టు ఇల్లంతా మార్పించడం. నున్నటి గచ్చు పోయి టైల్స్ వచ్చాయి. తులసికోట ఓ మూలకి జరిగింది. సూర్యకుమారి అన్నిటికీ సరేనంది. వంటింటి అటకని మాత్రం వదిలెయ్యమంది.

వచ్చిన కొత్తలో దింపిన కాయల్ని తన చేత్తో ఏరి, పీచు తియ్యకుండా ఆ అటక మీద పోయించింది. కింద పొయ్యి సెగకి నెలల తరబడి ఆరితే, లోపలి కొబ్బరి చిప్పని వదిలేసి గుండులా ఆడుతుంది. అదే కురిడీ. ఆవిడ తల్లి ఏటా చేసేది. ఇన్నేళ్ళ కాపురంలో సూర్యకుమారి తన ఇష్టప్రకారం మొదలుపెట్టిన పని అదొక్కటే.

మధ్యాహ్నం ఆటో దిగి వంటింట్లోకి వెళ్ళేసరికి, పైన పెంకుల దాకా ఖాళీ. కిందంతా దుమ్ము, విరిగిన చెక్కలు.

"ఏంటి లోవరాజూ ఇది?"

వడ్రంగి లోవరాజు గతుక్కుమన్నాడు. "ఆయ్, అయ్యగారు తీసెయ్యమన్నారండి. మీకూ తెలుసన్నారండి."

"కాయలేవి?"

రమణ హుషారుగా లోపలికొచ్చాడు. "చూశావా, ఎంత విశాలంగా ఉందో! ఇక్కడో పెద్ద దీపం వేలాడదీద్దాం. కాయలా? అన్నీ పాడైపోయాయి. చెవి దగ్గర పెట్టి ఊపి చూశాను, ఒక్కదాంట్లోనూ నీళ్ళ చప్పుడు లేదు. షావుకారుకి నూనెకిచ్చేశాను."

సూర్యకుమారికి ఒళ్ళు మండిపోయింది.

"నీళ్ళు ఇంకిపోవాలనే కదండీ అటకెక్కించింది! నీళ్ళింకేక, గుండు ఊడేదాకా ఏ చప్పుడూ ఉండదు. ఇంకొన్నాళ్ళాగితే కురిడీ అయిపోయేది."

"నాకేం తెలుసు?"

"ఫోన్ చేసి అడిగితే నోరు పడిపోతుందా?"

"నాలుగు కాయల కోసం ఇంత రాద్ధాంతమా? మళ్ళీ పోసుకో."

"కాయల కోసం కాదు! నేను గుడికెళ్ళిన రోజు చూసి పడగొట్టించేరు. నాకు తెలుసని లోవరాజుకి అబద్ధం చెప్పేరు. క్వార్టర్సులో ఉన్నప్పుడు మీ మాటే. ఫ్లాటు కొన్నప్పుడూ మీ మాటే. ఇది మా నాన్నిచ్చిన ఇల్లండీ! ఇందులో కూడా నా మాట చెల్లదా?"

"మెల్లగా, బయటికి వినిపిస్తుంది."

"విననివ్వండి!"

లోవరాజు మెల్లగా జారుకున్నాడు. రమణ మొహం ఎర్రబడింది. చెప్పులేసుకుని విసురుగా వెళ్ళిపోయాడు. సూర్యకుమారి పొయ్యి ముట్టించలేదు. ఆ దుమ్ములోనే కూలబడింది. ఎవరైనా పలకరిస్తే కరిచేసేలా ఉంది.

పొద్దువాలుతుండగా వాకిట్లో ట్రక్కు ఆటో ఆగింది. రమణ తనే బస్తాలు దింపుతున్నాడు. షర్టంతా పీచు, చెమట.

"షావుకారు దగ్గర చాలావరకు అప్పటికే కొట్టేశారు" అన్నాడు ఆవిడ మొహం చూడలేక. "కొట్టినవి చూశాను. ఒక్కటీ పాడవలేదు. కొన్నిట్లో కొబ్బరి చిప్పని వదిలేసి, ఉండలా చేతిలోకి వచ్చేస్తోంది. నువ్వు చెప్పినట్టే."

"మరి ఈ మిగిలినవి ఎక్కడ పోస్తారు, నా నెత్తి మీదా? అటకేదీ?"

రమణ ఖాళీగా ఉన్న పైకప్పు వైపు చూశాడు.

"నువ్వు చెప్పు" అన్నాడు. "ఎక్కడ కట్టించాలో, ఎలా కట్టించాలో. నాకు తెలీదు."

ఆ మాటతో ఆవిడకి అంతసేపూ బిగబట్టుకున్న ఏడుపు ఒక్కసారి తన్నుకొచ్చింది. ఇంత చిన్న మాట అనడానికి ఈ మనిషికి ఇన్నేళ్ళు పట్టిందా అని కోపం ఇంకాస్త పెరిగింది కూడా. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ముందు కాళ్ళు కడుక్కుని వచ్చి ఇక్కడ కూర్చోండి" అంది. "అటక సంగతి ఒక్కటే కాదు. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి."