అరవై నుంచి తొంభై నిమిషాల మధ్య

మా మనవడు ఆ అమ్మాయిని మొదటిసారి చూసిన రోజున ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ప్రేమ అనుకునేరు. కాదు, కోపం.

"నా అలారాన్ని ఫెయిల్ చేసింది నానమ్మా," అన్నాడు బూట్లు కూడా విప్పకుండా. "ఎందుకో తెలుసా? ముందే మోగిందట."

వాడు పనిచేసేది అలారాలు తయారుచేసే చిన్న కంపెనీలో. దొంగల అలారం కాదు. గ్యాస్ సరిగ్గా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషగాలి పుడుతుంది. దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. తలనొప్పి వస్తుంది, మత్తుగా ఉంటుంది, కాస్త పడుకుందామనిపిస్తుంది. పడుకున్నవాళ్ళు మళ్ళీ లేవరు. ఆ గాలిని పసిగట్టి కూతపెట్టే అరచేతంత పెట్టెని వాడు సొంతంగా తయారుచేశాడు. అది పరీక్షలో నెగ్గితే కంపెనీ దాన్నే అమ్ముతుంది. లేదంటే బయటినుంచి రెడీమేడ్‌వి తెచ్చి పేరు అంటించుకుంటుంది. రెండేళ్ళ కష్టం, ఒక్క పరీక్ష.

పరీక్ష చేసే ల్యాబులో ఉంది ఆ అమ్మాయి. మెడలో స్టాప్‌వాచీ వేసుకుని, చేతిలో అట్ట పట్టుకుని, నవ్వితే జీతం కోస్తారేమో అన్నట్టుగా ఉంటుందట. వాడు ఆ రోజే పేరు పెట్టేశాడు, 'నిమిషాల పిల్ల' అని.

అక్కడ జరిగినవి నేను కళ్ళారా చూసినవి కావు. వాడు చెప్పింది సగం, ఆ పిల్ల చెప్పింది సగం. రెండూ కలవని చోట నాకు నచ్చినది ఉంచుకున్నాను.

గాజు గదిలాంటి పెట్టెలో అలారం పెట్టి, అందులోకి కొలిచి గాలి వదులుతారు. పది లక్షల పాళ్ళ గాలిలో ముప్పై పాళ్ళ విషం కలిపారు. నాలుగు నిమిషాలకల్లా మావాడి అలారం కీచుమంది. వాడి మొహం వెలిగిపోయింది. ఆ పిల్ల అట్టమీద అడ్డంగా ఒక గీత కొట్టింది.

"ఫెయిల్ అండీ."

"అదేంటి, మోగిందిగా?"

"అందుకే ఫెయిల్. ముప్పై దగ్గర రెండు గంటల దాకా మోగకూడదు."

"ప్రాణాలు కాపాడే వస్తువు తొందరపడితే తప్పేంటండీ?"

"తొందరపడినా తప్పే, ఆలస్యమైనా తప్పే. యాభై పాళ్ళు ఉంటే అరవై నిమిషాల ముందు మోగకూడదు, తొంభై దాటకూడదు. అదే మూడు వందలైతే మూడు నిమిషాల్లో ఇల్లు ఎగిరిపోయేలా మోగాలి. ఈ నిమిషాలు నేను పెట్టినవి కాదు."

"పెట్టినవాళ్ళు ఎక్కడుంటారో చెప్పండి, వెళ్ళి మాట్లాడతాను."

"వాళ్ళూ నాలాగే ఉంటారు. మాట్లాడి లాభం లేదు."

ఇక్కడ తను నవ్విందని ఆ పిల్ల అంటుంది. నవ్వలేదని వీడంటాడు.

"కొద్దిపాటి గాలి కొద్దిసేపు ఉంటే మనిషికి ఏమీ కాదు," అని మళ్ళీ తనే చెప్పిందట. "స్టవ్ వెలిగించినప్పుడల్లా అరిచే అలారాన్ని ఇంట్లోవాళ్ళు వారం భరిస్తారు. ఆ తర్వాత నోరు నొక్కేస్తారు."

"మా నానమ్మ నొక్కలేదు. నెల రోజులుగా తన గదిలోనే ఉంది."

"రోజుకి ఎన్నిసార్లు మోగుతుంది?"

"మొదట్లో ఏడెనిమిదిసార్లు. తర్వాత మోగిందని నానమ్మ చెప్పలేదు. సాయంత్రం ఇంటికెళ్ళగానే బటన్ నొక్కి చూస్తాను, బాగానే కూస్తుంది."

ఆ పిల్ల పెన్ను కింద పెట్టింది. "బటన్ నొక్కితే గొంతు ఉందని తెలుస్తుంది. ముక్కు పనిచేస్తోందని తెలియదు. రోజుకి ఎనిమిదిసార్లు మోగేది ఉన్నట్టుండి ఎందుకు ఊరుకుంది? మీరు ఆలోచించలేదా?"

వాడు ఆలోచించలేదు. నాకు చెవులు తిమ్మిరెక్కి అలవాటైపోయిందనుకున్నాడు.

అసలు సంగతి నేను చెప్తాను, వినండి. ఆ పెట్టె నా ప్రాణం తీసింది. పాలు పొంగినా అరుపే, మా కోడలు గోళ్ళరంగు తుడుచుకున్నా అరుపే, నేను అగ్గిపుల్ల గీసినా అరుపే. మనవడు ప్రేమగా గోడకు కొట్టిన వస్తువు, వద్దంటే వాడి మొహం చిన్నబోతుంది. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నాను. పొద్దున్న తొమ్మిదికి వాడూ, కొడుకూ, కోడలూ బయల్దేరగానే కుర్చీ ఎక్కి అలారంలోని బ్యాటరీలు తీసి నా రేడియోలో వేసుకునేదాన్ని. సాయంత్రం ఐదున్నరకి మళ్ళీ కుర్చీ ఎక్కి యథాస్థానంలో పెట్టేదాన్ని. ఆరుకి వాడొచ్చి బటన్ నొక్కేవాడు, అది కూసేది, వాడు మురిసిపోయేవాడు. రాత్రి వంటవేళ నా గది తలుపు మూసేస్తే అది అరిచేది కాదు. ఎవరికీ నష్టం లేదు కదా అనుకున్నాను.

శనివారం నాడు వాన మొదలైంది. ఊళ్ళో ఉన్న నీళ్ళన్నీ మా కిటికీ మీదే పోస్తున్నట్టుగా పడుతోంది. తలుపులు, కిటికీలు అన్నీ బిగించి, నా గదిని ఆనుకున్న స్నానాలగదిలో గ్యాస్ గీజరు పెట్టుకుని, తలారా వేడినీళ్ళు పోసుకుని వచ్చి కూర్చున్నాను. గీజరు ఆపలేదు, బట్టలు కూడా జాడిద్దామని. నెల రోజులుగా స్నానం చేసినప్పుడల్లా తలపోటు వస్తోంది. కొత్త కళ్ళద్దాల వల్లేనని కళ్ళద్దాల కొట్టువాణ్ణి మనసులో బాగానే తిట్టుకున్నాను. ఆ రోజూ అంతే. రేడియోలో పాట వేసుకుని కణతలు నొక్కుకుంటున్నాను.

పన్నెండింటికి తాళం తిరిగింది.

మావాడు. వాడి వెనక ఒకే గొడుగులో సగం తడిసిన ఒక అమ్మాయి. వీడు పూర్తిగా తడిశాడు. గొడుగు ఎవరిదో, ఎవరెంత పక్కకు జరిగారో ఆ లెక్కలోనే తెలిసిపోయింది నాకు.

"నానమ్మా, ఈవిడ ల్యాబునుంచి. అలారాన్ని గోడమీద ఉండగానే చూడాలట. పది నిమిషాల పని."

"నమస్తే బామ్మగారూ," అంది ఆ పిల్ల. అంటూనే గోడవైపు చూసింది. అలారంలో చిన్న ఆకుపచ్చ దీపం ఉండాలి. లేదు. తర్వాత పాడుతున్న రేడియోవైపు చూసింది. తర్వాత నావైపు. ఆ చూపుకి నేను రేడియోని కొంగుతో కప్పాను. పాట మాత్రం కొంగులోంచి శుభ్రంగా వినపడుతోంది.

వాడు కుర్చీ లాక్కుని ఎక్కి మూత తీశాడు. లోపల ఖాళీ.

"నానమ్మా, బ్యాటరీలేవి?"

రేడియో పాడింది.

"రోజూ తీసేస్తున్నావా?"

"పెడుతున్నాను కూడానురా," అన్నాను. "నువ్వొచ్చే వేళకి."

వాడి మొహం చూడలేకపోయాను. కోప్పడి ఉంటే బాగుండేది. వాడు కుర్చీ మీద అలాగే నిలబడి, ఆ ఖాళీ పెట్టెని రెండు చేతులతో పట్టుకుని, "అంత గోల చేసిందా?" అన్నాడు మెల్లగా.

అప్పుడే ఆ పిల్ల సంచి పట్టీకి తగిలించుకున్న, విషగాలిని కొలిచే చిన్న మీటరు టిక్కుటిక్కుమంది. వాళ్ళు ల్యాబులో ఎప్పుడూ పెట్టుకునేదట. దానివైపు ఒక్క చూపు చూసింది. గొంతు ఏమీ పెంచలేదు.

"బామ్మగారూ, రేడియో తీసుకుని బయట అరుగుమీదకి రండి. మీరు కుర్చీ దిగండి, గీజరు ఆపండి, కిటికీలన్నీ తెరిచి వచ్చేయండి."

"వానండీ, జల్లు కొడుతుంది."

"కొట్టనివ్వండి. డెబ్బై రెండు చూపిస్తోంది."

మావాడు అంత వేగంగా పరిగెత్తడం నేను వాడి చిన్నప్పుడు కూడా చూడలేదు.

ముగ్గురం అరుగుమీద కూర్చున్నాం. జల్లు కాళ్ళ మీద పడుతోంది. ఆ పిల్ల నా మణికట్టు పట్టుకుని, "తలపోటుగా ఉందా? ఎన్నాళ్ళనుంచి? బయటికెళ్తే తగ్గుతోందా?" అని అడిగింది. నేను కళ్ళద్దాల సంగతి చెప్పాను. నన్ను తిన్నగా ఆసుపత్రికి తీసుకెళ్ళి రక్తం చూపించి, ఫరవాలేదనిపించుకున్నాకే ఇద్దరి మొహాల్లోకీ రంగు వచ్చింది. తర్వాత మెకానిక్కు వచ్చి గీజరు పొగగొట్టంలోంచి గంపెడు గడ్డీ, ఈకలూ, ఒక ఖాళీ పిట్టగూడూ లాగాడు. పొగ బయటికి పోయే దారిలేక ఇంట్లోకే వస్తోందట, నెల రోజులుగా.

మర్నాటికి తలపోటు మాయం. కళ్ళద్దాలవాడికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

కానీ మావాడు మాత్రం మెట్టుమీద మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. ఆ పిల్ల నన్ను చూసే వంకతో మళ్ళీ వచ్చింది. వాడి పక్క మెట్టుమీద, ఒక మెట్టు కిందకి కూర్చుంది.

"నా అలారమే నానమ్మకి ముప్పు తెచ్చింది," అన్నాడు వాడు.

"మీ అలారం ముక్కు చాలా మంచిది. నేను చూసినవాటిలో అంత మంచిది లేదు. దానికి ఓపిక నేర్పలేదు, అంతే."

"ఓపిక నేర్పడానికి ఎన్నాళ్ళు పడుతుందో."

"నేర్పేవాళ్ళకి ముందు రావాలిగా," అంది.

నేను కిటికీ దగ్గర కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నాను. అవి అప్పటికే ఒలిచినవి. అయినా ఒలుస్తూనే ఉన్నాను.

వాడు మూడు నెలలు కష్టపడ్డాడు. అలారం గాలిని చూడగానే అరవకుండా, ఎంత ఉంది, ఎంతసేపటినుంచి ఉంది అని లెక్క చూసుకుని మరీ అరిచేలా మార్చాడు. మధ్యమధ్య సందేహాలొస్తే ఫోను. వాడి సందేహాలు మొదట వారానికొకటి. తర్వాత పూటకొకటి. "స్క్రూ ఏ వైపు తిప్పాలి?" అని కూడా అడిగాడు ఒకరోజు. మా కోడలు వంటింట్లోంచి విని నావైపు చూసి కనుబొమలెగరేసింది. ఈ మూడు నెలలూ రేడియోకి నేను వేరే బ్యాటరీలు కొనుక్కున్నాను, లెండి.

రెండో పరీక్ష రోజు వచ్చింది. ముప్పై పాళ్ళ దగ్గర రెండు గంటలూ అలారం మౌనవ్రతం పట్టింది. మూడు వందల దగ్గర రెండు నిమిషాల్లో గోల చేసింది. ఇక మిగిలింది యాభై. అరవైకీ తొంభైకీ మధ్య మోగాలి. మోగకపోతే కంపెనీ ఇంకో అవకాశం ఇవ్వనంది.

గాజు పెట్టెకి ఇవతల రెండు స్టూళ్ళు. ఒకదానిమీద ఆ పిల్ల, ఒకదానిమీద వీడు. ఆమె స్టాప్‌వాచీ నొక్కి, అట్టమీది కాగితంలో నిమిషానికొక చుక్క పెట్టి గీతతో కలపడం మొదలుపెట్టింది.

కాసేపటికి వీడు గొంతు సవరించుకున్నాడు. "ఒక మాట అడగొచ్చా?"

"పరీక్ష గురించేనా?"

"కాదు. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆమె అట్టమీదనుంచి తల ఎత్తలేదు. "అరవైకి ముందు మోగితే ఏమవుతుందో తెలుసుగా," అంది.

వాడు నోరు మూసుకున్నాడు. పాపం, నిజంగానే మూసుకున్నాడు. వాచీ వైపే చూస్తూ, మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని, పరీక్ష రాసే పిల్లాడిలా కూర్చున్నాడట. ఇరవై అయింది. నలభై అయింది. బయట మళ్ళీ వాన పట్టుకుంది. యాభై ఏడో నిమిషంలో ఒళ్ళంతా చెమట. ఎక్కడ ముందే మోగుతుందో అని అలారానికి భయపడుతున్నాడు, ఎక్కడ కాదంటుందో అని ఆమెకి భయపడుతున్నాడు.

"అరవై," అంది ఆమె.

"ఇప్పుడు చెప్పొచ్చుగా."

"తొంభై దాకా టైముంది."

డెబ్బై అయింది. ఇప్పుడు మోగదేమోనన్న భయం. డెబ్బై ఐదు. వాడు కళ్ళు మూసుకున్నాడు.

డెబ్బై ఎనిమిదో నిమిషంలో మోగింది. వాడు స్టూలు మీదనుంచి లేవబోయి దాన్ని పడేశాడు. ఆమె ముందు టైము రాసింది, సంతకం పెట్టింది, పెన్ను మూత పెట్టింది. ఆ మూత పెట్టడానికి డెబ్బై ఎనిమిది నిమిషాలకన్నా ఎక్కువ పట్టిందంటాడు వీడు.

"పాస్," అంది.

"అలారమా, నేనా?"

"మీ నానమ్మగారికి చెప్పండి. వచ్చే ఆదివారం మా అమ్మా నాన్నలతో వస్తున్నాను. రేడియోకి బ్యాటరీలు నేనే తెస్తాను, గోడమీదవి ముట్టుకోవద్దని."

అన్నట్టే వచ్చింది, డజను బ్యాటరీల పెట్టెతో. మా కోడలు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి ఇల్లంతా చూపించింది. మా అబ్బాయీ, ఆ పిల్ల వాళ్ళ నాన్నా గీజరు పొగగొట్టాల గురించి మాట్లాడుకుని దగ్గరైపోయారు. ముహూర్తం దగ్గరకి వచ్చేసరికి అందరిదీ ఒకటే మాట, త్వరగా పెట్టేద్దామని.

ఇద్దరినీ చెరోపక్కన కూర్చోబెట్టుకుని అడిగాను, "ఇంతకీ వాడు ఏ నిమిషంలో అడిగాడే?"

"పదో నిమిషం నానమ్మా," అన్నాడు వాడు. "అంతదాకా ధైర్యం రాలేదు."

"నాలుగో నిమిషం," అంది ఆ పిల్ల.

"పదే."

ఆ పిల్ల సంచిలోంచి పరీక్ష కాగితం నకలు తీసి నా ఒళ్ళో పరిచింది. నిమిషానికొక చుక్క, చుక్కకీ చుక్కకీ మధ్య గీత, స్కేలు పెట్టి గీసినట్టుగా తిన్నగా ఉంది. కళ్ళద్దాలు సవరించుకుని వేలితో లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు.

నాలుగో చుక్క దగ్గర గీత పక్కకి జారి, ఇంతెత్తున ఎగిరి, మళ్ళీ కిందకొచ్చింది.

"చూశావా," అన్నాను మావాడితో. "డెబ్బై ఎనిమిది దాకా నువ్వు ఊరికే చెమటలు కక్కావు."

ఆ పిల్ల మొహం తిప్పుకుంది. ఈసారి నవ్వింది. నేను చూశాను.