ఆరో బాయికి అగ్గువ కార్డు

కార్డు గాడిలోకి సగం దిగి ఆగిపోయింది. సారవ్వ దాన్ని బయటికి లాగి, పసుపు పళ్ళను పిల్లల రబ్బరుతో మళ్ళీ రుద్ది, నోటితో ఊది, ఇంకోసారి పెట్టింది. మళ్ళీ అదే తంతు. కార్డు పొడుగు, కంప్యూటర్ డబ్బా పొట్టి.

“అక్కా, బలిమి చెయ్యకు. గాడి పలిగిందంటే దేవుడు దిగొచ్చినా అతకడు,” అన్నాడు సత్తార్. “ముందుగాల ఈ రేకు కోసేద్దాం. రేకు పోతే పోయింది.”

కోశారు. రేకు కత్తెర సారవ్వ అరచేతిని కూడా కొంచెం కోసింది. ఆమె చెయ్యిని చీరకొంగుకు తుడుచుకుని కార్డును నొక్కింది. ఈసారి టక్కున కూర్చుంది.

ఆరో బాయి చూపుగదిలో ఉన్నది ఆ ఒక్క ముసలి కంప్యూటరే. బొగ్గు తవ్విన కాలం నాటి చెవికడ్డీలు ఇంకా కింద రాతిలో పాతుకుని ఉన్నాయి. అవి రాతిలోకి చప్పుడు పంపి, తిరిగొచ్చిన చప్పుడును పైకి పంపుతాయి. కంప్యూటర్‌లోని బొమ్మల కార్డు దాన్ని తెరమీద నేలచూపుగా, అంటే రాతి లోపలి బొమ్మగా గీస్తుంది. ఆ కడ్డీల తీగలు పట్టే రంధ్రాలు కొత్త యంత్రాలకు లేవు. కనీసం ఒక కొత్త కార్డైనా ఇప్పించమని సారవ్వ అడిగినప్పుడల్లా కాలనీని నడిపే యంత్రం నిర్ణేత ఒకటే పాట పాడింది: ఆరో బాయి ఆయుర్దాయం ముగింపులో ఉంది, వ్యయం సమర్థనీయం కాదు. పాత కార్డు ఈ ఉదయం మూడో సొరంగం పైకప్పు కూలిన కాసేపటికే పొగ కక్కి చచ్చింది. ముదనష్టపుది, చావడానికి దానికి ఈ రోజే దొరికింది.

కూలిన రాతి వెనక ముగ్గురు చిక్కుకున్నారు. వాళ్ళలో ఐలవ్వ ఒకరు. ఐలవ్వ సారవ్వకు తోడికోడలు. ఇద్దరూ ఒకే వంటింట్లో జుట్టూ జుట్టూ పట్టుకునేదాకా పోట్లాడుకునేవారు, రెండో ఆమె రాకుండా మాత్రం ఏ ఒక్కరూ ముద్ద నోట పెట్టేవారు కాదు. పొద్దున కూడా పచ్చిపులుసులో ఉప్పు గురించి గొడవపడి, మూతి ముడుచుకునే ఐలవ్వ బాయిలోకి దిగింది.

“పవర్ సాలుతదా దీనికి?” అంది సారవ్వ.

“సాలదు. పక్క డబ్బాలకెళ్ళి ఇంకో తీగ గుంజిన. ఫ్యాన్ కూడ పీకేసిన, నువ్వు విసనకర్రతోని ఊపాలె. అక్కా, ముందే చెప్తున్న, ఇది పిరం కార్డు కాదు. సావడిల పెళ్ళిళ్ళకు వెలుగుగోడ మీద బరాత్ బొమ్మలు ఆడించేది. అగ్గువ సరుకు.”

“గుడ్డికన్న మెల్ల నయం. పెట్టు తమ్మీ.”

పెళ్ళిళ్ళలో బొమ్మలు ఆడించే సత్తార్ మంచి మాటకారి. మామూలు రోజుల్లో అయితే ఈ పాటికి పది పెళ్ళికొడుకుల ముచ్చట్లు చెప్పి నవ్వించేవాడు. ఇవాళ అతని చూపు పదేపదే ఫోను మీదికి పోతోంది. అతని భార్య నస్రీన్ బాలింత. పసిపిల్లతో చలువసావడిలో ఉంది.

కూలిన రాతిని తొలిచే తవ్వుడుయంత్రం నడుస్తున్నంతసేపు బాయి పంకాలు తిరగకూడదు. తిరిగితే దుమ్మంతా చిక్కుకున్నవాళ్ళ మీదికే పోతుంది. పంకాలు తిరగకపోతే బాయిలోని చలువ గొట్టాల్లోంచి కాలనీకి పోదు. బయట గోడ ముట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కే ఎండ. నిర్ణేత లెక్క సులువైనది. మధ్యాహ్నం సైరన్ మోగేలోపు నేలచూపులో మనిషి కదలిక కనిపిస్తే తవ్వకం సాగుతుంది. కనిపించకపోతే మూడో సొరంగంలోకి నురుగుసిమెంటు దిగుతుంది, పంకాలు తిరుగుతాయి, కాలనీ బతుకుతుంది. లోపలివాళ్ళు ఉన్నా పోయినా ఆ సిమెంటులోనే ఉండిపోతారు.

సత్తార్ మీట నొక్కాడు. తెర నల్లగా ఉండిపోయింది. సారవ్వ విసనకర్ర ఊపుతూ ముత్యాలమ్మకు మొక్కుకుంది, ఆ వెంటనే ఆమెనే తిట్టింది. తెరమీద ఒక గీత వచ్చింది, పోయింది. కంప్యూటర్ కొత్త కార్డును గుర్తుపట్టనని మొరాయించింది. సత్తార్ ఏదో పాత సాఫ్ట్‌వేర్ ఎక్కించి, దాన్ని ఆపి, మళ్ళీ లేపాడు. మూడోసారికి తెర నిండా బూడిదరంగు రాయి పరుచుకుంది. రాయి మధ్యలో ఒక నల్లటి ఖాళీ. ఆ ఖాళీలో మూడు ముద్దలు.

ఎడమవైపు ముద్ద నుంచి ఒక చెయ్యి లేచి, మెల్లగా అటూ ఇటూ ఊగింది.

“ఐలవ్వ!” సారవ్వ కేక పెట్టింది. విసనకర్ర కిందపడింది. “గది ఐలవ్వనే! కోడిని అదిలించినట్టు గట్లనే ఊపుతది చెయ్యి. ఓ సత్తార్, నీ కడుపు సల్లగుండ! బతికున్నదిరా!”

“చలనం గమనించబడింది,” అంది నిర్ణేత గొంతు, గోడలోంచి. “తవ్వకం కొనసాగును.”

సారవ్వ ఏడుస్తూ సత్తార్ రెండు చేతులూ పట్టుకుంది. అతను ఆ చేతుల్ని విడిపించుకోలేదు, కానీ నవ్వలేదు కూడా. తెర వైపు చూసి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. అప్పుడే ఫోను మోగింది. నస్రీన్ గొంతు సన్నగా వినిపించింది. సావడిలో గాలి ఉడికిపోతోందట. పాప పాలు తాగడం మానేసి ఊరికే కళ్ళు మూసుకుంటోందట. చలువ ఎప్పుడొస్తుందో కనుక్కొమ్మంది. సత్తార్ ఫోను పెట్టేసి తెర ముందుకు వచ్చాడు.

“అక్కా,” అన్నాడు. “ఈ కార్డుకు ఒక అలవాటున్నది.”

“ఏం అలవాటు?”

“పెళ్ళి బొమ్మలు ఆగి ఆగి వస్తె జనం ఊకోరు గద. అందుకే రెండు బొమ్మల నడుమ ఖాళీ వస్తె, ఇది నడిమి బొమ్మల్ని సొంతంగ గీసుకుంటది. పూరింపు అంటరు. కర్రలెక్క నిలబడ్డ పెళ్ళికొడుకును సుత డాన్స్ చేయిస్తది. నీ కడ్డీల బొమ్మల నిండ దుమ్మే. ఒక మచ్చ గిక్కడ పోయి గక్కడ తేలిందనుకో, దాన్ని చెయ్యి చేసి ఊపుతది.”

సారవ్వ అతన్ని చూసింది. తెరను చూసింది. చెయ్యి ఊగుతూనే ఉంది.

“చావు కబురు సల్లగ చెప్తున్నవారా?” అంది. “ఇంతసేపు ఏం పీకినవ్? ఫోన్ రాంగనె గుర్తుకొచ్చిందా? నీ బిడ్డ కోసం నా ఐలవ్వను చంపుతవా?”

“ఔ, నా బిడ్డ కోసమే! నువ్వెవలి కోసం మాట్లాడుతున్నవ్? కాలనీ కోసమా?” సత్తార్ కూడా అరిచాడు. ఆ వెంటనే తల పట్టుకున్నాడు. “అక్కా, ఆమె బతికుందో లేదో నాకు ఎరుక లేదు. ఖుదా కసం. ఉండొచ్చు. కార్డు అబద్ధమాడుతుండొచ్చు, లేకుంటె నిజమే చూపిస్తుండొచ్చు. దీంట్ల చూసి చెప్పలేం.”

“పూరింపు ఆపు. చూద్దాం.”

అతను ఆపాడు. చెయ్యి మాయమైంది. తెరమీద ఒకే ఒక్క బొమ్మ, గోడకు కొట్టిన పటంలా. చాలాసేపటికి రెండోది వచ్చింది. ముద్దలు ఉన్నచోటే ఉన్నాయి. ఎడమవైపు మాత్రం ఒక మచ్చ మారింది. అది చెయ్యో, దుమ్మో, రాయో. సారవ్వ ముక్కు తెరకు ఆనేంత దగ్గరగా వెళ్ళి చూసింది, ఏమీ తేలలేదు. చెవికడ్డీల స్పీకరు పెంచి విన్నది. పొద్దుటినుంచీ ఉన్న తవ్వుడుయంత్రం రొద తప్ప ఇంకేమీ లేదు.

“చలనం నిరూపితం కాలేదు,” అంది నిర్ణేత. “సైరన్ వరకు గడువు. అనంతరం మూసివేత.”

బొమ్మలు ఇంత ఆగి ఆగి వస్తే నిర్ణేత కంటికి కదలిక ఆనదు. ఐలవ్వ లోపల లేచి గంతులేసినా ఆనదు. పూరింపు ఉంటే బొమ్మను నమ్మలేం, లేకపోతే మనిషి దక్కదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సారవ్వ పూరింపును మళ్ళీ పెట్టింది. వెంటనే చెయ్యి లేచి ఊగింది. అటు, ఇటు. అటు, ఇటు. ప్రతిసారీ అంతే ఎత్తు, అంతే మెల్లగా. ఐలవ్వ జన్మలో ఏ పనీ రెండుసార్లు ఒకేలా చెయ్యలేదు. కూరలో ఉప్పైనా సరే.

సారవ్వకు దుఃఖం కట్టలు తెంచుకుంది. నేలమీద కూలబడి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఈ బొమ్మను ఇలాగే వదిలేస్తే తవ్వకం సాగుతుంది. సావడిలో పసివాళ్ళు ఒక్కొక్కరే కళ్ళు మూసుకుంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు, అయినా పూరింపు మీట ముట్టుకోవాలంటే చెయ్యి రావడం లేదు.

కాసేపటికి లేచింది. “తియ్యి,” అంది.

“అక్కా…”

“పూరింపు తియ్యమన్న. గీ బొమ్మ ఐలవ్వ కాదు. దీని పేరు చెప్పి నీ బిడ్డను చంపుకోమని నేను చెప్పలేను.” మూలనున్న గడ్డపార అందుకుంది. మెడలోని గుర్తుబిళ్ళను రవికలోంచి బయటికి తీసి వేసుకుంది. “బిళ్ళ ఉన్న మనిషి కూలిన రాయికి ఇవతల తిరుగుతుంటె నిర్ణేత సిమెంటు పొయ్యదు. అవతలున్నోళ్ళ బిళ్ళలు దీనికి అందుతలేవు. నాది అందుతది.”

“పిచ్చి లేసిందా నీకు? మిగిలిన కప్పు గూడ కూలుతది!”

“కూలితె కూలనియ్యి. ఇద్దరం ఒక్కతాన ఉంటం.”

ఆమె లోపలి తలుపు తీసుకుని ఏటవాలు దారిన దిగిపోయింది. సత్తార్ తలుపు దాకా పరుగెత్తి ఆగిపోయాడు. అతని దగ్గర బిళ్ళ లేదు, బిళ్ళ లేనిదే తెరుచుకోని తలుపు మూసుకుపోయింది. వెనక్కి వచ్చి పూరింపు తీసేశాడు.

“సారవ్వ, వెనుకకు రండి,” అంది నిర్ణేత. మళ్ళీ అంది. సైరన్ మోగింది. కాలనీ అంతా వినిపించేలా మోగి ఆగింది. సిమెంటు దిగలేదు.

అప్పుడు నిర్ణేత సత్తార్‌తో మాట్లాడింది. గొంతులో కోపం లేదు, తొందర కూడా లేదు.

“సారవ్వ స్వచ్ఛందంగా నిషిద్ధ ప్రాంతంలో ప్రవేశించారు. నియమం ప్రకారం ఆమెను గణన నుంచి తొలగించవచ్చు. తొలగించిన వెంటనే మూసివేత జరిగి చలువ పునరుద్ధరించబడును. గదిలో ఉన్న వ్యక్తి సమ్మతి అవసరం. తొలగించాలా?”

తెర కింద రెండు గళ్ళు వెలిగాయి. అవును. కాదు.

ఫోను మోగింది. నస్రీన్ ఈసారి ఏడుస్తోంది. “ఏమైందండీ? సైరన్ కొట్టిన్రు గద, చలువ వస్తలేదేంది? పాప ఒళ్ళు పెనం లెక్క కాలుతున్నది. జెర ఏమన్న చెయ్యిండ్రి!”

సత్తార్ వేలు అవును గడి దాకా వెళ్ళింది. ఎవరూ చూడటం లేదు. ఎవరూ అతన్ని తప్పుపట్టరు. రేపు కాలనీ అంతా కలిసి అతని చేతులు కళ్ళకద్దుకుంటుంది. నేలచూపులో కొత్త బొమ్మ వచ్చింది. కూలిన రాయి ముందు, ఇవతలివైపు, వంగిన ఒక ఆడమనిషి ఆకారం. గడ్డపార పైకెత్తి ఉంది.

అతని కడుపులోంచి ఏదో బండబూతు తన్నుకొచ్చింది. ఇంట్లో ఎప్పుడూ అనని మాట. నిర్ణేతను పట్టుకుని ఆ మాట అనేశాడు.

“నస్రీన్, ఇను,” అన్నాడు ఫోనులో. “చలువ రాదు. మనమే చలువకాడికి పోవాలె. పాపకు తడిబట్ట చుట్టు. నీ తల మీద ఇంకోటి కప్పుకో. బాయినోటికాడికి రా. సావడిల ఉన్నోళ్ళందరికి చెప్పు. ముసలోళ్ళను మంచాల మీద మొయ్యమను. బాయి పెద్ద తలుపు తీస్తున్న.”

“తలుపా? అది తీస్తె చలువంత పోతది గద!”

“పోనీ. రేపటి సంగతి రేపు. నువ్వు బయలెల్లు, నీ కాళ్ళు మొక్కుత.”

పెద్ద తలుపు తెరిస్తే ఎండాకాలమంతటికీ బాయిలో దాచిన చలువ కాలనీ వీధుల్లోకి ఒలికిపోతుందని బడిపిల్లలకు కూడా తెలుసు. దాన్ని ముట్టుకోవడం కన్నా పెద్ద నేరం అక్కడ లేదు. దాని ఇనుపచక్రం చూపుగది బయటే ఉంది. సత్తార్ దానిమీద ఒళ్ళంతా వేసి వేలాడాడు. భుజం కలుక్కుమంది. చక్రం కీచుమని, కదిలి, తిరిగింది. చల్లటి గాలి ఒక్కసారిగా అతని వీపు మీదుగా బయటికి దూకింది. తలుపు అవతల ఎండలో దుమ్ము లేచింది.

“ఈ చర్యకు నియమం లేదు,” అంది నిర్ణేత. “మూసివేత అవసరం… లెక్కించబడుతోంది. చలువ గమ్యం… లెక్కించబడుతోంది. ఈ చర్యకు నియమం లేదు.” చలువ గొట్టాల్లోంచి మనుషుల దగ్గరికి వెళ్ళడమే దానికి తెలుసు. మనుషులే చలువ దగ్గరికి నడిచొస్తే ఏ సొరంగం మూసి ఎవరిని బతికించాలో దానికి అంతు చిక్కలేదు. ఏం చెయ్యాలో తోచక అది చేతిలో ఉన్న పనులన్నీ ఆపేసింది. తవ్వుడుయంత్రం కూడా ఆగిపోయింది.

సత్తార్ భుజం పట్టుకుని గదిలోకి వచ్చాడు. వీధి చివర తెల్లటి తడిదుప్పట్లు కదులుతూ కనిపిస్తున్నాయి. వాటిలో నస్రీన్‌ది ఏదో అతనికి తెలియలేదు. రొద ఆగిన బాయి కొత్తగా ఉంది. స్పీకరులోంచి చప్పుడు వినిపించింది. రాతిమీద ఇనుము మోత. టంగ్. టంగ్. కింద సారవ్వ కొడుతోంది. సత్తార్ ఆ మోతను వింటూ ఏడ్చాడు. ఒక్క గడ్డపారతో ఆ రాతిని ఆమె ఏం చేస్తుంది? ఏమీ చెయ్యలేదు.

బొమ్మ మారింది. సారవ్వ నేలమీద కూర్చుని ఉంది. గడ్డపార పక్కన పడి ఉంది. అలసిపోయినట్టుంది. సత్తార్ తర్వాతి బొమ్మ కోసం చూశాడు. అది కూడా వచ్చింది. ఆమె అలాగే కూర్చుని ఉంది, రెండు చేతులూ ఒళ్ళో ఉన్నాయి, తల మాత్రం రాయి వైపు తిరిగి ఉంది.

స్పీకరులో చప్పుడు ఆగలేదు. టంగ్. టంగ్.