పచ్చిగడ్డి వాసన

పరుగు!

జవళగిరి అడవి అంచు. పొద్దు గుంకుతోంది. ముళ్లు చొక్కా చింపుతున్నా తిమ్మరాజు ఆగడం లేదు.

వెనక పోలీసు జీపు. మైకులో ఆడగొంతు... హోసూరు కెమికల్ ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసర్ పరిమళ.

"తిమ్మరాజన్నా, పరిగెత్తొద్దు. యాడుంటే ఆడే కూర్చో. సిలిండర్ కారింది. నువ్వు పీల్చింది ఫాస్‌జీన్, విషం. ఒళ్లు అలిసేకొద్దీ ఊపిరితిత్తుల్లో నీరు నిండతాది."

నీరట! పట్టుకోవడానికి ఎంత చక్కటి ఎత్తు!

తనకేమైంది గనక? మధ్యాహ్నం హోసూరులో సిలిండర్ ఎక్కించుకుని ఇక్కడిదాకా వ్యాన్ తోలాడు, పోలీసుల్ని చూసి దాన్ని వదిలేసి పరుగందుకున్నాడు. కళ్లు కాస్త మండాయి, అంతే. వ్యాన్ లోపలంతా అప్పుడే కోసిన పచ్చిగడ్డి వాసన. గొర్రెల మధ్య పెరిగినవాడికి ఆ వాసనంటే ప్రాణం. గుండెల నిండా పీల్చాడు.

విషమైతే కంపు కొట్టదా?

ఫోన్ మోగింది. అనంతకుమార్. అదే ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసే మనిషి. సిలిండర్ దొంగతనంగా బయటికి తెచ్చిచ్చింది అతనే.

"ఆగినావా?"

"లేదప్పా. ఆయమ్మ కూర్చోమంటా ఉండాది."

"నమ్మొద్దు. పరిగెత్తు. గుట్ట ఎక్కు, నేను పైన ఉండాను."

తిమ్మరాజు ఎక్కుతున్నాడు. సగంలో దగ్గు... ఆగని దగ్గు! ఛాతీ బిగిసిపోయింది. నోరు తుడుచుకుంటే అరచేతిలో గులాబీ రంగు నురగ.

పరిమళ చెప్పింది నిజం!

మరి అనంతకుమార్? వ్యాన్ అద్దాలు దించొద్దన్నదెవరు? తనతో ఎక్కమంటే బైక్ మీద వస్తానన్నదెవరు? ఇప్పుడు గుట్ట ఎక్కిస్తున్నదెవరు?

సిలిండర్ ఇచ్చిందెవరో తెలిసినవాడు తనొక్కడే. తను పోతే... గ్యాస్ కారి చచ్చిన దొంగ. కేసు క్లోజ్!

తిమ్మరాజు ఉన్నచోటే కూలబడ్డాడు.

రాళ్ల వెనక నుంచి అనంతకుమార్ దిగి వచ్చాడు. చేతిలో పిస్తోలు.

"లేయప్పా. ఇంగ కొంచెం దూరమే."

"లేయను." చచ్చేంత భయంగా ఉంది. "నాకు బతకాలని ఉండాది. చంపాలంటే కాల్చు. తూటాకి నువ్వే జవాబు చెప్పుకోవాల."

కింద టార్చిలైట్లు వెతుకుతున్నాయి. అనంతకుమార్ వాటిని చూశాడు. తిమ్మరాజును చూశాడు.

ఢాం!

భుజం చీలింది. అయినా తిమ్మరాజు కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. టార్చిలైట్లన్నీ ఒక్కసారిగా గుట్ట మీదికి తిరిగాయి.

ఇప్పుడు అనంతకుమార్ పరిగెత్తుతున్నాడు.