పెరట్లో పళ్ళెం

మొప్ప ఎత్తి చూడందే పేరమ్మ ఏ చేపనీ కొనదు. కృష్ణలంకలో ముప్పై ఏళ్లుగా చేపలమ్మి ఇల్లు నిలబెట్టిన మనిషి. మంచివి ఒక పక్కకి, మెత్తబడినవి ఒక పక్కకి వేరుచేయడం ఆమె చేతులకి అలవాటైపోయింది.

రెండువేల ఆరు వేసవిలో ఆ ఉదయం కూడా ఆమె బేరాలు ముగించుకుని ఎనిమిదింటికి ఇంటికొచ్చింది. పెరట్లో పంపు దగ్గర కోడలు సత్యశ్రీ తన అల్యూమినియం పళ్ళెం కడుక్కుంటోంది. ఆ పళ్ళెం గడప లోపలికి రాక రెండేళ్లు కావస్తోంది. సత్యశ్రీకి ఏడో నెలలో తీసిన రక్తంలో హెచ్ఐవీ ఉందని తేలిన రోజునే పేరమ్మ దాన్ని బయట పెట్టించింది. కొడుకు గణేష్ కైకలూరు నుంచి కలకత్తాకి చేపల లారీ తోలుతాడు. అతనికీ పరీక్ష చెయ్యాలని ఆసుపత్రివాళ్లంటే, "మావాడు గుండ్రాయిలా ఉన్నాడు" అని ఆమే కొట్టిపారేసింది.

మనవడు చిన్ని రెండు కిలోలైనా లేకుండా పుట్టాడు. జబ్బు బిడ్డకి అంటకుండా నొప్పులప్పుడు తల్లికి మాత్ర వేశారు, పుట్టాక బిడ్డకి చుక్కల మందు పోశారు. "ఆరు నెలలూ తల్లిపాలే. మంచినీళ్లు కూడా పట్టకండి" అని ఆసుపత్రిలో సలహాలిచ్చే రావమ్మ మరీమరీ చెప్పింది. పదో రోజున వీధిలోకి గాడిదపాలవాడొచ్చాడు. బలహీనపు బిడ్డకి ఆయాసం రాకూడదని పేరమ్మ కాసిని పాలు కొని ఉగ్గుగిన్నెతో పట్టేసింది. సత్యశ్రీ బిడ్డని లాక్కుని ఏడిస్తే, "మా ఇంట్లో అందరూ తాగి పెరిగినవాళ్లే!" అని కసిరింది.

ఇవాళ చిన్నికి పద్దెనిమిది నెలల పరీక్ష ఫలితం ఇస్తారు. బిడ్డని తీసుకుని ఆసుపత్రికి వెళ్లిన భార్యాభర్తలు మధ్యాహ్నానికి తిరిగొచ్చారు.

"ఏమన్నార్రా?"

"లేదంటమ్మా. చిన్నికేమీ లేదు."

పేరమ్మ మనవణ్ణి గుండెకి హత్తుకుంది. ఆ సంతోషం మొహం మీద ఉండగానే కోడలివైపు తిరిగింది.

"పిల్లోడికి ఏం లేదని తేలింది గదా. ఇక వీణ్ణి నేను పెంచుకుంటా. నువ్వు మైలవరం మీ అమ్మ దగ్గరికెళ్లిపో సత్యా. మంచి చేపల్లో మెత్తబడ్డదాన్ని ఉంచుతానా నేను?"

సత్యశ్రీ చెప్పులు విప్పుతూ ఆగింది.

"మెత్తబడ్డది నేనొక్కదాన్నేనా అత్తయ్యా? అందరి మొప్పలూ ఎత్తి చూశారా?"

"ఏం మాటలే అవి?"

"మీ అబ్బాయినడగండి. ఏమండీ, మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

గణేష్ తల దించుకున్నాడు.

"నోట్లో ఏముందిరా? చెప్పు!"

"పెళ్లికి ముందే తెలుసమ్మా. హనుమాన్ జంక్షన్లో డ్రైవర్లకి క్యాంపు పెట్టి రక్తం తీశారు. ఉందన్నారు. చెబితే సంబంధం తప్పిపోద్దని కాగితం దాచేశా. పోయిన నెల అది సత్యకి దొరికింది."

పేరమ్మ గోడకి జారగిలబడింది. సత్యశ్రీ చెయ్యి చాపి బిడ్డని తీసుకుంది.

"బిడ్డ సంగతి తేలేదాకా నోరు మూసుకున్నా. మీ గాడిదపాలు తలుచుకుని ఎన్ని రాత్రులు కూర్చున్నానో మీకు తెలీదు. వేరేవి కలిస్తే పసిపేగు దెబ్బతిని నా పాలలోది వీడికి అంటుకోవచ్చని రావమ్మగారు చెప్పారు. వీడికి వచ్చుంటే, అదీ నా నెత్తినే వేసేవారు. వీణ్ణి వదిలి నేనెక్కడికీ పోను. పంపేట్టయితే ఇద్దర్నీ పంపండి."

"అమ్మా..." అన్నాడు గణేష్.

"నువ్వు మాట్లాడకు," అంది పేరమ్మ కొడుకుతో.

రోజూ పెద్ద కంచంలో చేప తలకాయ వేసి తను ఎవరికి పెట్టిందో, ఎవరికి దూరం నుంచి అన్నం వంపిందో పేరమ్మకి గుర్తొచ్చింది. లేచి పెరట్లోకి వెళ్లి, అల్యూమినియం పళ్ళేన్ని గడప దాటించి తెచ్చింది. దాంట్లో అన్నం పెట్టుకుని, పెద్ద కంచం కోడలి ముందు పెట్టింది.

"ఇవాళ్టి నుంచి దీంట్లో నేను తింటా. నువ్వెక్కడికీ పోవద్దే. పిల్లోడికి తల్లి కావాలి." కళ్లనీళ్లు అన్నంలోకి జారాయి.

వద్దనలేదు సత్యశ్రీ. ఊరుకోమనీ అనలేదు. బిడ్డని ఒళ్లో పెట్టుకుని కూర్చుని, పళ్ళెం వైపు చూపించింది.

"దాని అంచు చీలింది అత్తయ్యా. కలిపేటప్పుడు వేలు తెగుద్ది. చూసుకోండి."

పేరమ్మ పళ్ళెం ఎత్తి చూసింది. ఇన్నాళ్లలో ఇదే మొదటిసారి.