దక్షిణం గోడ

పెద్దేముల్ తొవ్వల ఆ వాలుగడ్డ పేరెత్తితే మా దిక్కు ఆడోళ్లు చెవులు మూసుకునేటోళ్లు. వానరాత్రి ఆడ గోడ గీకిన సప్పుడు వచ్చేదంట... గోడే లేని జాగల! నవ్వుతే నవ్వుండ్రి. నాకు చెప్పింది కొండమ్మ. దానికి అబద్ధమాడే అలవాటు లేదు.

రజాకార్ల గడబిడ సల్లారిన కొన్నేండ్లకు జరిగింది. గొర్లు కాసుకునే బీరన్నకు ఊర్ల జాగ దొరకలే. పెండ్లాం కొండమ్మ నిండు చూలాలు. ముసలి మైసమ్మ ఇల్లు కూలి, అందులనే ఆమె పాణమిడిసిన ఆ వాలుమీదనే ఇల్లు లేపిండు.

వాలు దక్షిణానికి దిగుతది.

"నీళ్లు దిగే దిక్కే వాకిలి పెట్టయ్య," అన్నది కొండమ్మ.

"దక్షిణం వాకిలా? యమునికి తొవ్వ జూపినట్టే!" అని కసిరిండు బీరన్న. ఎనకట ఆ కూలిన ఇల్లు కట్టినప్పుడు మైసమ్మ మొగడు గూడ గట్లనే అని దక్షిణం దిక్కు మూసిండంట. బీరన్న వాకిలిని ఉత్తరానికి, గట్టు మొకాన పెట్టిండు. దక్షిణం గోడకు పిల్లి దూరే కంత గూడ ఉంచలే.

ఒకనాటి రాత్రి... కుండపోత వాన. కొండమ్మకు నొప్పులు లేసినయ్. మంత్రసానిని పిలుద్దామని బీరన్న తలుపు తీస్తే — గట్టు జారి వాకిలి నిండ మట్టి! సందులకెల్లి నీళ్లు ఉరుకుతున్నయ్. మడిమెలు మునిగినయ్... మోకాళ్లు మునిగినయ్... మీద మట్టిమిద్దె దూలం కిర్రుమన్నది. దీపం ఆరింది.

"అయ్యో దేవుడా... నా పెండ్లానికి, పిల్లకు నా చేతులతోటే గోరి కట్టిన్నా!" అని నెత్తి కొట్టుకున్నడు.

అప్పుడు... దక్షిణం గోడ కాడ గీకుతున్న సప్పుడు.

"బిడ్డా... గిటు... గిటు తొవ్వ తియ్యి..."

బీరన్న ఎనకకు జరిగిండు. "మైసమ్మ... అది మైసమ్మనే! నేను తియ్య!"

"దెయ్యమైతేంది! తియ్యి!" పండ్లు కొరుక్కుంట అన్నది కొండమ్మ.

గడ్డపార అందుకొని, సప్పుడైన కాడనే పొడిసిండు. రాయి ఊడింది. నీళ్లు బుస్సున బయటికి దుంకినయ్. కంత పెద్దగ జేసి కొండమ్మను గుంజుకొని బయటపడ్డడు. ఎనకనే మిద్దె కూలింది. ఆ వానలనే, తుమ్మచెట్టు కింద ఆడపిల్ల పుట్టింది.

మళ్ల కట్టినప్పుడు బీరన్న దక్షిణానికే వాకిలి పెట్టిండు. "మహాతల్లి... బయటికెల్లి గోడ గీకి మమ్ములను బతికిచ్చింది," అని అందరికి చెప్పుకునేటోడు.

కొండమ్మ మాత్రం నాకొక్కదానికే చెప్పింది, అదిగూడ గుసగుసగ —

"బయటికెల్లి కాదక్క. నేను ఆ గోడకే ఒరిగి కూసున్న గద... ఆమె చెయ్యి నా చెంప పక్కపొంటే గోడను గీకింది. లోపల్నే ఉన్నది, మాతోటే... ఆమె గూడ బయటపడనీకే చూస్తున్నది."