మల్లెమొగ్గల అంచు నాదే

నేను చెప్పని మాట కూడా ఫోను రాస్తాందని మొదట నాతో అన్నది శోభారాణి, మా తమ్ముని కోడలు. ఆ పిల్ల అబద్ధాలాడే రకం కాదు. అయినా ఆ పొద్దు నన్ను తప్పు పట్టేకి చెప్తాందనుకున్నా. రెండు దినాలు ఆమెతో సరిగా మాట్లాడలేదు.

నేను హనుమంతరాయుణ్ణి. ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాణ్ణి. బడికి పోయింది రెండేండ్లే. కూడబలుక్కుంటే చదవగలను, నిదానంగా రాయగలను. ఇప్పుడు మీరు చదివేది ఫోనుకు చెప్పింది కాదు, పెన్సిలుతో నా చేత్తో రాసింది.

హిందూపురంలో హేమలత మేడమని ఒకామె బ్లాగు నడుపుతాది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వాళ్ళు ఎవరైనా చేరొచ్చు. ఇరవై ఒక్క దినాలు, దినానికొకటి, ఎవరి పనిని గురించి వాళ్ళు రాయాల. ఒక దినం తప్పినా పేరు తీసేస్తారు. నాకు ఆ కట్టుబాటు నచ్చింది. దినమూ రాయడం కష్టమంటే, నోటితో చెప్తే ఫోనే రాసుకుంటాది పెద్దమామా అనింది శోభారాణి.

ఎందుకు చేరినానో ఉన్నదే చెప్తా. మల్లెమొగ్గల అంచు నాది. ఎర్రంచు మీద ఆరు తెల్లమొగ్గలు, రెండు మొగ్గలంత సందు, మళ్ళా ఆరు. ఈ పొద్దు ఏ అంగట్లో చూసినా ఆ అంచే. యాడా నా పేరు లేదు. చచ్చేలోపల దాని పక్కన నా పేరు చూసుకోవాలనుకున్నా. అంతే.

మొదటి దినం, మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంత తవ్వింది చెప్పినా. ముక్కూ మొహం తెలియని వాళ్ళు "తర్వాత ఏమైంది తాతా?" అని అడిగినారు. మా ఇంట్లో ఎవరూ అడగని మాట అది. దాంతో పొద్దున లేస్తూనే ఫోను వెతుక్కునేవాణ్ణి. పెనుకొండ నుంచి మహేష్ అని ఒకడు కోట గోడల గురించి రాస్తాన్నాడు. "మహేషన్న గోడను మెచ్చింది అరవై మంది, నీ మగ్గాన్ని పదకొండు మందే పెద్దమామా" అని శోభారాణి నవ్వేది. గోడ కదలదు, దాన్ని గురించి ఎవడైనా రాస్తాడని చెప్పినా.

పన్నెండో దినం అంచు సంగతి చెప్పాలని కూచున్నా.

మధ్యాన్నం. పట్టు మీద దుమ్ము పడకుండా మగ్గం గది కిటికీలు మూసింటాం. కరెంటు పోయి ఫ్యాను నిలిచింది. తలుపు సందులోనుంచి ఒక్క వెలుగు గీత. గంజి వాసన. గుంత అంచున కాళ్ళు పైకి ముడుచుకోని కూచుని ఫోనుకు చెప్పినా. మల్లెతోటలో మొగ్గలు చూసి ఈ అంచు నేనే కట్టినానని.

నిలిపినా. గుక్క తిప్పుకుంటాండా.

అక్షరాలు కదులుతాండాయి.

నేను నోరు తెరవలేదు. శోభారాణి చెప్పింది నిజమే. ఫోను దగ్గరికి తెచ్చుకోని ఒక్కొక్కటే కూడబలికినా. మొ... గ్గ... లు... కా... దు.

గదిలో ఎవరూ లేరు. గుంతలోనుంచి నశ్యం వాసన పైకొచ్చింది. మా ఇంట్లో నశ్యం వేసేవాళ్ళు లేరు. నాకు తెలిసినంతలో ఒక్కడే.

దస్తగిరి. ఇదే మగ్గం మీద నా పక్కన కూచోని నేసినోడు. అంచు తనదని ఊరంతా చెప్పుకున్నాడు. ముప్పై ఏండ్లు ఆయప్పతో మాట్లాడలేదు. పోయినపుడు మట్టి వేసేకి కూడా పోలేదు.

మళ్ళా అక్షరాలు.

"ఏమబ్బా హనుమంతూ. మొగ్గలు కాదు. మా బుడన్‌బీ పాలపండ్లు. రెండు ఊడినాయి. అందుకే సందు."

నాకు తెలుసు. దస్తగిరి కూతురు ఆ పాప, ఆరేండ్లు. జ్వరమొచ్చి పోయింది. వారం తిరక్కుండానే ఆయప్ప ఈ గది గోడ మీద సున్నంతో ఆ అంచు గీసినాడు. గీసింది ఆయప్పే, లేదనను. పడుగు మీదికి ఎక్కించి, తెగిన పోగులన్నీ అతికి, నేసింది నేను. అంచు ఎవరిదవుతాది? మీరే చెప్పండి.

"అంచు నాది" అన్నా.

పడుగు రెండుగా విడింది. పై పోగులు మెల్లగా లేచినాయి, కింది పోగులు దిగినాయి... గుంతలో చెక్క తొక్కితేనే అట్లయ్యేది. నా కాళ్ళు పైన ఉండాయి.

ఫోను ఇంకొక మాట రాసింది.

"పాపను అడుగు."

ఆ మాటలన్నీ తుడిపినా. నేను చెప్పింది మాత్రం పంపినా. మల్లెతోట, మొగ్గలు, నా పేరు. కరెంటొచ్చి ఫ్యాను తిరిగింది. పోగులు ఎప్పటి మాదిరి కలిసిపోయినాయి.

తర్వాత ఎనిమిది దినాలు ఏమీ లేదు. ఊరకనే భయపడినాననుకున్నా.

కడాది, ఇరవై ఒకటో దినం అందరూ పని చేసే ఫోటో పెట్టాల. నేను నేస్తాంటే శోభారాణి గుంతలోకి వంగి, కాళ్ళు చెక్కలు తొక్కేది తీసింది. చూడకనే పంపింది, పొయ్యి మీద పాలు పొంగుతాన్నాయని. సాయంత్రానికి నూటిరవై మంది మెచ్చుకున్నారు. మహేష్ గోడకు కూడా అంతమంది రాలేదు.

అప్పుడు చూసినా.

పగిలిన మడిమలతో నా పాదాలు రెండు. వాటి పక్కన ఇంకో రెండు. చిన్నవి. చెక్కలకు అందకుండా వేలాడతాండాయి.

శోభారాణికి చూపిస్తే ఫోను కింద పెట్టేసి, "నేను తీసినప్పుడు లేవు పెద్దమామా" అని మెల్లగా అనింది. ఆ రాత్రికే బత్తలపల్లిలో అమ్మగారింటికి పోయింది. ఫోను చేస్తే ఎత్తదు.

ఫోటో కింద హేమలత మేడం ఇట్లా రాసింది: మల్లెమొగ్గల అంచు సృష్టికర్త హనుమంతరాయుడు తాత, మనుమరాలితో.

మేడంకు ఎవరైనా చెప్పండి. నా పేరు సరిగానే ఉండాది, దాన్ని ముట్టుకోవద్దు. మనుమరాలు అన్న మాట తీసేయాల. నేను పెండ్లే చేసుకోలేదు. నాకు ఏ పాపా లేదు. మొన్నటిదాకా ఫోటోలో ఆ పాదాలు చెక్కలకు అందేవి కావు, ఈ పొద్దు చూస్తే అందినాయి. ఎవరైనా చెప్పి తొందరగా సరిచేయించండి.