డాక్టరమ్మ దాచిన చోటు

ఒట్టేసి చెప్తున్నా, ఇది మీరు నమ్మరు. నమ్మారంటే ఈ మీసం ఒక పక్క గొరిగించుకుని బజారంతా తిరుగుతా. మా ఆవిడే నమ్మలేదు. పాతికేళ్ళుగా నా కోతలన్నీ విని అరాయించుకున్న మనిషి, ఇది మాత్రం "ఛ, నోరు ముయ్యి" అంది. నోరు ముయ్యడమే కదా ఇప్పుడు నాకు భయం. ఎందుకో ఆఖర్న మీకే తెలుస్తుంది.

నేను తాళాల మేస్త్రిని. బస్టాండు వెనక సందులో, టైలరు కొట్టుకీ జిరాక్సు కొట్టుకీ మధ్య, ఒక మంచం పట్టేంత జాగా నాది. నేను తియ్యలేని తాళం ఇంకా పుట్టలేదు. ఒకసారి నేను తుమ్మితే పక్కింటి బీరువా తెరుచుకుంది. సరే, అది అబద్ధమే అనుకోండి. ఇది కాదు.

చదువు సంగతి మాత్రం అడక్కండి. మూడో క్లాసులో మాస్టారి బెత్తం విరిగింది, దాంతోపాటే నా చదువూ విరిగింది. అంకెలు వచ్చు. అక్షరాలు రావు. కానీ ఇనుము మీద అక్షరం కొట్టమంటే నన్ను మించినవాడు లేడు. చిన్న ఉలుల్లాంటి పంచ్‌లుంటాయి, ఒక్కోదాని మొన మీద ఒక్కో ఇంగ్లీషు అక్షరం. నాకు అవి బొమ్మలు. ఒకటి నిచ్చెన, ఒకటి పాము, ఒకటి గుర్రపు లాడం. రేకు మీద నిలబెట్టి సుత్తితో ఒక్క దెబ్బ. ఒక్కటే. రెండో దెబ్బ వేశామా, అక్షరానికి నీడ పడుతుంది. మా పనిలో అది తలవంపులు.

నాకు చదువు రాకపోవడమే డాక్టరమ్మకి నచ్చింది.

ఆవిడ పళ్ళ డాక్టరు. మా సందు చివరే ఆసుపత్రి. నా నోట్లోంచి ఎనిమిది పళ్ళు పీకిన చెయ్యి ఆవిడదే. "పొగాకు మానండి మేస్త్రీ, మీ పళ్ళకంటే ముందు నా పటకారు అరిగిపోయేలా ఉంది" అనేది. ఆవిడ దగ్గర ఎప్పుడూ లవంగనూనె వాసన. అది తగిలితే చాలు, నా దవడ దానంతటదే బిగుసుకునేది.

ఓ మధ్యాహ్నం కొట్టుకొచ్చి స్టూలు మీద కూర్చుంది.

"మేస్త్రీ, ఒక తాళంచెవి దాచాలి. ముప్పై ఏళ్ళయినా చెడకూడదు."

"ఏ బీరువాదమ్మా?"

"బీరువా లేదు."

అప్పుడు చెప్పింది. క్రిప్టో అట. కంప్యూటర్లో ఉండే డబ్బు. బ్యాంకు లేదు, మేనేజరు లేడు, సంతకం లేదు. ఇరవై నాలుగు ఇంగ్లీషు మాటలుంటాయి, అవే తాళంచెవి. మరిచిపోతే బ్రహ్మదేవుడు దిగొచ్చినా తెరుచుకోదు. ఇంకొకడి కంటపడితే సొమ్ము వాడిదే. ఇరవయ్యేళ్ళు నడుం వంచి జనం నోళ్ళల్లోకి చూసి కూడబెట్టిందంతా ఆవిడ అందులోనే పెట్టింది. కూతురి కోసం. మొగుడు లేడు, ఉన్నది ఆ ఒక్క పిల్లే.

"కాయితం మీద రాసి దాచండి" అన్నా.

"చెదలు పడుతుంది. తడుస్తుంది. కాలుతుంది."

"ఫోనులో?"

"నిరుడు మీ ఫోను ఎక్కడ పడింది?"

మురిక్కాలవలో. ఆ సంగతి ఎత్తకుండా, "దీనికోసమే చిన్న డబ్బాలు అమ్ముతారటగా, మా బావమరిది చెప్పాడు" అన్నా.

"ఉంది నా దగ్గర. పదేళ్ళకో పదిహేనేళ్ళకో అదీ చస్తుంది. అది చచ్చాక మళ్ళీ ఈ మాటలే దిక్కు."

"అయితే బట్టీ పట్టెయ్యండి, ఎవడు దొంగిలిస్తాడో చూద్దాం!"

ఆవిడ నవ్వలేదు. "మా నాన్న ఆఖర్లో నా పేరే మరిచిపోయాడు మేస్త్రీ. నేను బతికుండగా ఇది ఎవరికీ తెలియకూడదు. పోయాక మా పిల్లకి తెలియకుండా ఉండకూడదు. ఈ రెండూ కుదిరే చోటు కావాలి నాకు."

స్టీలు రేకు మీద నేనే కొట్టి ఇస్తానన్నా. నిప్పుకి కాలదు, నీటికి నానదు, చెదలు తినవు. పైగా కొట్టేవాడికి చదవడమే రాదు, ఇంకేం కావాలి? మాటకి మొదటి నాలుగక్షరాలు చాలు, వాటితోనే మాట ఏదో తెలిసిపోతుందంది. కాయితాన్ని అరచేత్తో కప్పి ఒక్కో అక్షరమే చూపించింది, నేను కొట్టాను.

మా పనిలో ఒక అలవాటుంది. మంచి రేకు మీద కొట్టే ముందు పక్కన చిత్తు ముక్క మీద కొట్టి చూస్తాం, చెయ్యి కుదిరిందో లేదో అని. పన్నెండు మాటలయ్యేదాకా అలా రెండేసిసార్లు కొట్టా. తర్వాత చెయ్యి కుదిరింది, చిత్తు అక్కర్లేకపోయింది. అంతా అయ్యాక డాక్టరమ్మ కాయితం కాల్చేసి, చిత్తు ముక్క వైపు చూసింది.

"దాన్ని నాశనం చేసెయ్యండి మేస్త్రీ. మాటివ్వండి."

ఇచ్చాను. ఇచ్చి, దాన్ని మా పనిబల్ల పొట్టికాలి కింద తోసాను. మంచి ఇనుము, పారెయ్యడానికి చెయ్యి రాదు.

వెళ్తూ వెళ్తూ అంది, "మీ నోట్లోనూ సరిగ్గా ఇరవై నాలుగే మిగిలాయి. జాగ్రత్తగా చూసుకోండి."

రేకుని పెద్ద వీధిలో లాకర్లు అద్దెకిచ్చే ఆఫీసులో పెట్టింది. అక్కడి తాళాలన్నీ నేను బిగించినవే.

రెండేళ్ళకి డాక్టరమ్మ పోయింది. పేషెంటు నోట్లో చెయ్యి ఉండగానే గుండె పట్టేసి కూలింది, పిల్ల పరిగెత్తుకొచ్చేదాకా ఊపిరి ఆడిందట.

ఆ వారమే మా బావమరిది టీ తాగడానికొచ్చాడు. కంప్యూటర్ల కొట్లో పని వాడికి. టీ ఒలికించాడు, తుడవడానికి వంగాడు, బల్ల కాలి కింద చూశాడు.

"బావా, ఏంటిది?"

"చెత్త."

"చెత్త కాదు బావా, సగం రాజ్యం! ఇంకో సగం ఎక్కడుంది?" గబగబా ఫోటో తీసుకున్నాడు.

నేను దొంగని కాదు. అలా చూడకండి. అక్కడ మీరుంటే ఏం చేసేవారో నాకు తెలుసు.

గురువారం డాక్టరమ్మ కూతురొచ్చింది. ఆ పిల్లా పళ్ళ డాక్టరే, ఇంకా కొత్త. చేతిలో లాకరు తాళంచెవి. "బాబాయ్, అమ్మ ఇది నా చేతిలో పెట్టి, మేస్త్రిని అడుగు అంది. ఇంకేం చెప్పలేకపోయింది. అమ్మ దాచిన ఆ సొమ్ము దొరక్కపోతే ఆసుపత్రి మూసెయ్యాలి బాబాయ్."

వెంటబెట్టుకుని తీసుకెళ్ళాల్సింది. "ఆ లాకరు పట్టేసింది తల్లీ, బాగుచేసి ఉంచుతా. సోమవారం తొమ్మిదింటికి అక్కడికి రా" అన్నాను.

శనివారం పొద్దున్నే వెళ్ళాను. సంచిలో ఆకురాయి, తెల్లకాయితం, పెన్సిలు, ఆ చిత్తు ముక్క. వాచ్‌మన్ పుస్తకం తెరిచాడు, వేలిముద్ర వేశాను. "తొందరగా కానియ్ అన్నా, పన్నెండింటికి మూసేస్తా" అన్నాడు.

లాకర్లున్న గది తలుపుకి టైమ్ లాక్. శనివారం పన్నెండుకి మూస్తే సోమవారం తొమ్మిదికే. దానికి తాళంచెవి కన్నం ఉండదు, లోపల గడియారాలుంటాయి. ఎంత మొనగాడైనా కాలానికి మారు తాళంచెవి చెయ్యలేడు కదా. గోడలో గాలికి ఒక రంధ్రం ఉండేది. ఎలకలొస్తున్నాయని దాన్ని రేకేసి మూసింది ఎవరనుకున్నారు? మీ ముందు కూర్చున్న ఈ మొనగాడే.

లాకరు చిటికెలో తీశా. రేకు మీద కాయితం పరిచి పెన్సిలుతో రుద్దితే అక్షరాలు తెల్లగా తేలతాయి. చిత్తు ముక్క పక్కన పెట్టుకుని పదమూడో వరస వెతుక్కున్నా. రుద్దుతున్నా... పాము, నిచ్చెన, లాడం...

పెద్ద తలుపులు మూసుకునేటప్పుడు చప్పుడు చెయ్యవు. చెవుల్లో గాలి ఒక్కసారి నొక్కుకుంటుంది. అంతే.

అరిచాను. తన్నాను. ఆకురాయితో కొట్టాను. జానెడు మందం ఉక్కు, చీమ కుట్టినట్టయినా లేదు దానికి. దీపం స్విచ్చి బయటుంది, ఆరిపోయింది. ఫోనుకి సిగ్నల్ లేదు. దాని వెలుగులోనే ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. నాలుగు గోడల నిండా లాకర్లు, వాటి చిన్న చిన్న తలుపులన్నీ నా వైపే. అన్నీ నేను బిగించినవే. ఒక్కటీ బయటికి దారి కాదు.

తర్వాత ఫోనూ చచ్చింది.

చీకటి అంటే మీకేం తెలుసు? మీ చీకట్లో ఎక్కడో ఒక సందుంటుంది. అక్కడ కళ్ళు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. ఇనుప వాసన. నా చెమట వాసన. నేను వదిలిన గాలే మళ్ళీ నేను పీలుస్తున్నా, వెచ్చగా, పాతగా. నిద్రొచ్చిందో, సోయి తప్పిందో.

లేచేసరికి ఇంకో వాసన.

లవంగనూనె.

గోడకి అతుక్కుపోయాను. ఎక్కడో పళ్ళెంలో చిన్న చప్పుడు. టింగ్. ఒక పనిముట్టు తీసి ఇంకొకటి పెట్టినట్టు. టింగ్... టింగ్...

"ఎవరు?" అన్నాను.

చెవి పక్కనే, మెల్లగా...

"నోరు తెరవండి మేస్త్రీ."

తెరవలేదు. పళ్ళు గిట్టకరిచాను. చల్లటి రబ్బరు తొడుగు వేళ్ళు రెండు దవడ దగ్గర ఆనాయి. ఎక్కడ నొక్కితే తెరుచుకుంటుందో ఆ వేళ్ళకి తెలుసు. నా దవడ కూడా ఒక తాళమే అన్నట్టు... తెరుచుకుంది.

"నొప్పిగా ఉంటే చెయ్యెత్తండి."

ఠక్.

ఒక్క దెబ్బ. పన్ను మీద. పుర్రె అంతా మోగింది.

ఠక్.

చెయ్యెత్తాను. ఎత్తి అలాగే ఉంచాను. చీకట్లో ఒక చెయ్యి వచ్చి నా చేతిని పట్టుకుని... నెమ్మదిగా కిందికి దించేసింది.

ఠక్. ఠక్.

కాస్త ఆగింది. తర్వాతి పన్ను.

ఒక అక్షరానికి ఒక్కటే దెబ్బ. రెండోది పడలేదు. పనితనం అంటే అదీ, ఆ భయంలోనూ అనుకున్నా. ఆగినప్పుడల్లా లెక్కపెట్టుకున్నా, అంకెలొచ్చుగా. ఐదు... పదకొండు... పన్నెండు దగ్గర చాలాసేపు ఆగింది. చిత్తు ముక్క తీసి చూస్తున్నట్టు. అప్పుడు ఒక్క మాట.

"మాటిచ్చారుగా."

మళ్ళీ ఠక్. ఇరవై నాలుగు దాకా.

సోమవారం తలుపు తెరుచుకుంది. నన్ను చూసి వాచ్‌మన్ వెనక్కి పడ్డాడు.

"అన్నా! నువ్వు శనివారమే వెళ్ళిపోయావుగా!"

పుస్తకం చూపించాడు. పన్నెండుకి పది నిమిషాల ముందు, వెళ్ళినట్టు వేలిముద్ర. నాదే. ఈ బొటనవేలి మీద ఆకురాయి గాటు ఉంది చూడండి, అది కూడా పడింది.

"తెల్లకోటు మేడం నీ మోచెయ్యి పట్టుకుని నడిపించుకెళ్ళింది. నువ్వు మూతికి గుడ్డ నొక్కుకున్నావ్. పన్ను పీకించుకున్నావేమోలే అనుకున్నా" అన్నాడు.

అప్పుడే ఆ పిల్లొచ్చింది. రేకు తీసి చూసింది. నున్నగా ఉంది, అద్దంలా. ఆ పిల్ల మొహం అందులో కనపడుతోంది. చిత్తు ముక్కా నున్నగానే ఉంది. నేను రుద్దిన కాయితం నిండా నలుపే. తర్వాత చూస్తే బావమరిది ఫోనులో ఫోటో కూడా అంతే, ఉత్త ఇనుము.

"బాబాయ్... అమ్మ ఇంకెక్కడైనా పెట్టిందా?" ఆ పిల్ల రేకుని వెనక్కి తిప్పి చూసింది.

తెలీదు అందామని నోరు తెరిచా. నాలుక పంటికి తగిలింది. గరుగ్గా... పాము. దాని పక్కన నిచ్చెన.

"తల్లీ, నీ చిన్నద్దం ఎక్కడుంది?" అన్నాను.

ఆసుపత్రికి తీసుకెళ్ళి, వాళ్ళమ్మ పేషెంట్ల కుర్చీలోనే నన్ను కూర్చోబెట్టి, పన్ను తర్వాత పన్ను చూసి రాసుకుంది. సాయంత్రానికి తెరుచుకుందని ఫోను చేసింది. ఆసుపత్రి నిలబడింది. ఆ గదిలోకి ఎందుకెళ్ళావని మాత్రం ఇప్పటిదాకా అడగలేదు. అడిగినా బాగుండేది.

వారం తిరక్కుండానే నా పళ్ళు నున్నబడ్డాయి. హమ్మయ్య, ఆవిడ పనైపోయింది అనుకున్నా.

పోయిన నెల దవడ లాగింది. కింద ఎడమపక్క, ఆఖర్న. ఆవిడ పీకేసిన చోట. యాభై ఎనిమిదేళ్ళ వయసులో నాకు కొత్త పన్ను వస్తోంది. ఇరవై ఐదోది. నాలుక పెట్టి చూస్తే దాని మీద అక్షరాలు తగులుతున్నాయి. రెండు పైకొచ్చాయి. మిగతావి ఇంకా చిగురు లోపలే ఉన్నాయి.

ఆ పిల్లకి చూపించా. అద్దం పెట్టింది, చూసింది. అద్దం తీసి కడిగింది. చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది.

"ఏమనుంది తల్లీ?"

"పూర్తిగా రానియ్యండి బాబాయ్." అద్దం సొరుగులో పెట్టేసి, "రాత్రిళ్ళు నోరు తెరిచే పడుకోండి" అంది. ఎందుకని అడిగితే మళ్ళీ కుళాయి తిప్పింది. నాకు తెలుసులెండి, మూసుంటే తెరవడానికి ఆవిడే వస్తుంది.

కోతలంటారా? మీరంతా చదువుకున్నవాళ్ళేగా. ఇదిగో టార్చి. ఇదిగో నోరు. రండి, దగ్గరికి రండి... ఆ రెండక్షరాలూ పైకి చదివి, నేను అబద్ధాలకోరునని తేల్చండి చూద్దాం.